ఫ్యూమ్ హుడ్ ముందు నిలబడే మనిషి

నెల్లూరులో డిగ్రీ కళాశాలల ప్రయోగశాల సిబ్బంది, రొయ్యల మేత పరీక్షాశాలల ఉద్యోగులు, రసాయనశాస్త్ర విద్యార్థుల ఎదుట ఒక ప్రయోగశాలలోనే చేసిన ప్రసంగానికి పాఠం.

అధ్యక్షుల వారికి, పెద్దలకు, నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి వచ్చిన ప్రయోగశాల సిబ్బందికి, మేత పరీక్షాశాలల్లో పనిచేస్తున్న మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం ప్రయోగశాల భద్రత. అది ఒక పూటలో తెమిలే విషయం కాదు కాబట్టి, నిర్వాహకుల అనుమతితో దాన్ని ఒక్క వస్తువుకు కుదించుకుంటున్నాను. మీ ప్రయోగశాలల్లో ఏదో ఒక మూల నిలబడి, హానిచేసే పొగను, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ గురించి, మన పాత లెక్చరర్లు ఫ్యూమ్ కప్‌బోర్డ్ అని పిలిచే ఆ అద్దాల పెట్టె గురించి మాట్లాడతాను. నేను చెప్పదలచిన సంగతి ఒక్కటే. పైన ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపించినంత మాత్రాన ఆ పెట్టె మనిషిని కాపాడుతున్నట్టు కాదు. దాని ముందు తెరిచి ఉన్న జాగా గుండా గాలి ఎటు పోతున్నది, ఎంత వేగంతో పోతున్నది, ఎంత నిలకడగా పోతున్నది అన్న మూడింటి మీదే రక్షణ అంతా ఆధారపడి ఉంటుంది.

ముందుగా, ఈ పెట్టె అవసరం మన ప్రాంతంలో ఎక్కడెక్కడ పడుతున్నదో చూద్దాం. మన తీరమంతా రొయ్యల చెరువులే కాబట్టి మేతలో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో తేల్చే పరీక్షాశాలలు మన దగ్గర చాలానే ఉన్నాయి. అక్కడ రోజూ జరిగేది డెన్మార్క్ రసాయనశాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ 1883లో ప్రకటించిన పద్ధతే. మేత పొడిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, పొటాషియం సల్ఫేటుతోనూ ఉత్ప్రేరకంతోనూ కలిపి, ద్రవం తేటపడేదాకా గంటల తరబడి మరిగిస్తారు. తరువాత అమ్మోనియాను స్వేదనం చేసి, నత్రజని శాతం కట్టి, మాంసకృత్తుల శాతం కోసం దాన్ని 6.25తో హెచ్చవేస్తారు. ఆ మరిగే వేళ ఫ్లాస్కుల మూతుల నుంచి లేచే దట్టమైన తెల్లని ఆమ్లపు పొగను ఒక్కసారి పీల్చిన వారికి దాని సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. గూడూరు అవతల కోట, చిల్లకూరు మండలాల్లో దొరికే సిలికా ఇసుకను గాజు పరిశ్రమలకు పంపే ముందు స్వచ్ఛత కొలవడానికి ప్లాటినం మూసలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోసి వేడిచేస్తారు. సిలికా అంతా సిలికాన్ టెట్రాఫ్లోరైడు వాయువుగా లేచిపోతుంది, తగ్గిన బరువే సిలికా బరువు. ఆ ఎగిరిపోయిన దాన్ని ఎవరు పీలుస్తున్నారన్నదే మన ప్రశ్న.

ఇక కళాశాలల్లో, ఇచ్చిన లవణం ఏదో కనిపెట్టే సాల్ట్ అనాలిసిస్ ఉండనే ఉన్నది. నైట్రేటు పరీక్షలో రాగి ముక్కలు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడిచేస్తే గోధుమరంగు వాయువు వస్తుందని రికార్డులో రాయిస్తాం. ఆ నైట్రోజన్ డయాక్సైడును పీల్చిన పిల్లవాడికి అప్పటికప్పుడు కాస్త దగ్గు తప్ప ఏమీ తెలియకపోవచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తరువాత, అంటే బస్సెక్కి ఇంటికి వెళ్లి పడుకున్నాక మొదలుకావచ్చు. వాయువు తయారుచేసే గాజు పరికరమైన కిప్స్ ఉపకరణం నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడుది మరో రకం మోసం. కుళ్లిన కోడిగుడ్ల వాసన కాబట్టి ఎక్కువైతే ముక్కే చెబుతుందని అందరూ ధీమాగా ఉంటారు. నిజానికి పది లక్షల భాగాల గాలిలో అది వంద భాగాల దరిదాపులకు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియడమే మానేస్తుంది. మన పాత ఫ్యాక్టరీల చట్టంలోని రెండవ షెడ్యూలు ఎనిమిది గంటల సగటుగా దీనికి విధించిన హద్దు పది భాగాలు మాత్రమే. వాసన ఇప్పుడు రావడం లేదు, తగ్గినట్టుంది అని ఎవరైనా అంటే, అది గది శుభ్రపడినందువల్ల కావచ్చు, పరిస్థితి విషమించినందువల్ల కూడా కావచ్చు. ఆ రెండింటినీ వేరుచేసి చెప్పే శక్తి ముక్కుకు లేదు.

ఇప్పుడు ఈ పెట్టె నిర్మాణం చూద్దాం. కరెంటు ఫ్యాన్లు రాక మునుపు పొగగొట్టంలో చిన్న గ్యాసు మంట వెలిగించి, వేడిగాలి పైకి లేచే గుణంతోనే ప్రయోగశాలల్లో పొగను బయటికి లాగించేవారు. పైకీ కిందికీ జరిగే అద్దపు తలుపుతో ఇప్పటి రూపానికి దగ్గరగా ఉన్న పెట్టె 1923లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో వచ్చిందని చెబుతారు. ఆ జరిగే తలుపునే సాష్ అంటాం, మన అటెండర్లు షట్టర్ అంటారు. పెట్టె వెనుక గోడకు కొద్దిగా ఎడంగా అడ్డుపలకలు బిగించి ఉంటాయి. వాటి కింద ఒక సందు, పైన ఒక సందు, కొన్నింటిలో నడుమ మరొకటి ఉంటుంది. గాలి ఆ సందుల్లో దూరి, పలకల వెనుక నుంచి పైకి లేచి, గొట్టం గుండా డాబా పైకి పోతుంది. పలకలు లేకపోతే ఫ్యాను పైభాగంలోని గాలిని మాత్రమే లాగుతుంది, బల్ల మట్టాన ఉన్న గాలి కదలదు. బ్రోమిన్ ఆవిరి గాలి కంటే అయిదు రెట్లకు పైగా బరువు కాబట్టి అది పైకి లేవకుండా బల్ల మీద పరుచుకొని ముందంచు వైపు పాకుతుంది, దాన్ని పట్టుకోవలసింది ఆ కింది సందే. అద్దం కింద, పెట్టె ముందంచున గుండ్రంగా వంచిన రేకు ఒకటి ఉంటుంది. అది అందం కోసం పెట్టింది కాదు. గాలి ఆ వంపు మీదుగా సాఫీగా జారి, బల్లను తాకుతూ లోపలికి పోతుంది. ఆ రేకు ఊడిపోయిన చోట పదునైన అంచు దగ్గర గాలి సుడి తిరిగి, లోపలి పొగను కొంత ముందుకు తోస్తుంది.

కాస్త లెక్క వేద్దాం. హుడ్ ముఖద్వారం దగ్గర గాలి సెకనుకు సుమారు 0.4 నుంచి 0.6 మీటర్ల వేగంతో లోపలికి పోవాలన్నది ఎక్కువమంది పాటించే ప్రమాణం. సగటున అర మీటరు అనుకుందాం. హుడ్ వెడల్పు మీటరున్నర, అద్దాన్ని 45 సెంటీమీటర్లు ఎత్తాం అంటే, తెరిచిన జాగా 0.675 చదరపు మీటర్లు. దాన్ని 0.5తో గుణిస్తే సెకనుకు దాదాపు 0.34 ఘనపు మీటర్లు, గంటకు పన్నెండు వందల ఘనపు మీటర్ల పైచిలుకు గాలి. ఈ ఫ్యాను శక్తి మారదు కాబట్టి, ఎవరో వచ్చి అద్దాన్ని 75 సెంటీమీటర్లకు ఎత్తేస్తే జాగా 1.125 చదరపు మీటర్లయి, వేగం 0.3 మీటర్లకు పడిపోతుంది. ఫ్యాను అదే, చప్పుడు అదే, రక్షణ మాత్రం పోయింది. అద్దం పక్కన చట్రం మీద ఇంతవరకే ఎత్తాలని గీత గీసి ఉండేది ఇందుకే. మీ హుడ్ మీద ఆ గీత చెరిగిపోయి ఉంటే రేపే మళ్లీ గీయించండి. అద్దం దించి ఉంచడంలో ఇంకొక లాభం కూడా ఉన్నది. లోపల ఫ్లాస్కు పగిలినా, ద్రవం చిమ్మినా మొహానికీ దానికీ మధ్య ఆ అద్దమే ఉంటుంది. అద్దాన్ని ఎత్తిన చోటే నిలిపే కౌంటర్ బరువు తాడు తెగిపోయిన షట్టరుకు కింద చెక్కముక్క ఆనించి నిలబెట్టిన హుడ్లు నేను మన రెండు జిల్లాల్లోనూ చూశాను. ఆ చెక్కముక్క ఎంత పొడవుంటే అద్దం అంత ఎత్తున శాశ్వతంగా ఉండిపోతుంది, దించే మార్గమే ఉండదు.

వేగం తక్కువైతే ప్రమాదం అన్నాను కదా, ఎక్కువైతే మరింత క్షేమం అని మీకు తోచవచ్చు. గాలిని లాగే ఫ్యాను, అంటే బ్లోయర్, పెద్దది బిగించామని గొప్పగా చెప్పుకునే వారూ ఉన్నారు. అది సరి కాదు, ఎందుకు కాదో కళ్లతో చూస్తేనే నమ్మకం కుదురుతుంది. ముందు వరుసలో ఉన్నవారు దయచేసి ఈ హుడ్ దగ్గరికి రండి. లోపల మండే ద్రావణాలేవీ లేవని ఇందాకే చూసుకున్నాను. ఒక అగరుబత్తి వెలిగిస్తున్నాను. దీన్ని అద్దపు అంచుకు ఒక జానెడు ఇవతల, గదిలో పట్టుకుంటే పొగ తిన్నగా పైకి లేస్తున్నది. మెల్లగా ముఖద్వారం దగ్గరికి తెస్తే అదే పొగ పైకి లేవడం మానేసి, తీగ లాగా అడ్డంగా సాగి లోపలికి పోతున్నది. ఇంతవరకు బాగున్నది. ఇప్పుడు అద్దం కింది అంచుకు సరిగ్గా లోపలి వైపు పెట్టి చూడండి. పొగ నేరుగా వెనక్కి పోకుండా అద్దం వెనుక ఒక దుప్పటి చుట్టలాగా గుండ్రంగా తిరుగుతున్నది. పెట్టె పై భాగంలో ఎప్పుడూ ఇలాంటి సుడి ఒకటి ఉంటుంది. అది లోపలే తిరుగుతున్నంత వరకు ఫరవాలేదు. దాన్ని కదిలించినప్పుడే అంచు దాటి బయటికి వస్తుంది.

ఇప్పుడు ఈ అబ్బాయి హుడ్ ముందు, పని చేసేవాడు నిలబడినట్టే నిలబడతాడు. గాలి ఇతని వీపు వైపు నుంచి వచ్చి, రెండు పక్కలా చీలి, ఇతన్ని చుట్టుకొని లోపలికి పోవాలి. పెన్నా వంతెన మీద నిలబడి కిందికి చూసిన వాళ్లకు తెలుసు, స్తంభానికి ఎగువన నీరు సాఫీగా వచ్చి, దిగువన సుడులు తిరుగుతుంది, ఎండుగడ్డి, నురగ అక్కడే చేరి ఎంతసేపటికీ కదలవు. హుడ్ ముందు నిలబడిన మనిషికి ఆ దిగువ భాగం ఏది? ఛాతీ, గడ్డం, ముక్కు. అగరుబత్తిని ఇతని ఛాతీకి ఎదురుగా, హుడ్ అంచు మీద పెడుతున్నాను. చూశారా, పొగలో కొంత లోపలికి పోయింది గాని కొంత ఇతని చొక్కా గుండీల వెంబడి పైకి పాకి గడ్డం దాకా వచ్చింది. ఇప్పుడు బత్తిని ఒక జానెడు లోపలికి జరుపుతున్నాను. ఇతని వైపు వచ్చేది ఆగిపోయింది. పాత్రలన్నీ ముందు అద్దానికి కనీసం 15 సెంటీమీటర్లు లోపల ఉండాలని ప్రపంచమంతటా చెప్పే నియమానికి మూలం మీరు ఇప్పుడు చూసినదే. పెద్ద బ్లోయర్ బిగించి వేగాన్ని ఇంకా పెంచితే ఈ సుడి బలహీనపడదు, మరింత ఉధృతమవుతుంది. అందుకే మించిన వేగం కూడా దోషమే. మీ హుడ్ బల్ల మీద అంచు నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర పసుపు రంగు టేపు అడ్డంగా అతికించండి. ఆ గీతకు ఇవతల బీకరు ఉండకూడదని చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు, ఎవరైనా చూసి చెప్పగలరు.

అర మీటరు వేగం అంటే ఎంతో ఒకసారి ఊహించండి. మనిషి కాస్త చురుగ్గా నడిస్తే సెకనుకు 1.3 మీటర్లు పోతాడు. అంటే హుడ్ ముందు పనిచేసేవాడి వెనుకగా ఒక మనిషి వడిగా నడిచిపోతే అతని వెంట కదిలే గాలి, హుడ్ లాక్కునే గాలి కంటే బలమైనది. కాబట్టి హుడ్‌ను తలుపు పక్కనా, నడవా పక్కనా పెట్టకూడదు. మన ప్రాంతంలో అంతకంటే పెద్ద శత్రువు సీలింగ్ ఫ్యాన్. రోహిణి కార్తెలో నెల్లూరులో ఫ్యాను లేకుండా ప్రాక్టికల్స్ చేయమని నేను చెబితే మీరు నన్ను ఒప్పుకోరు, ఒప్పుకోనవసరం లేదు కూడా. కానీ ఫ్యాను కింద గాలి వేగం హుడ్ ముఖద్వారపు వేగాన్ని సునాయాసంగా మించిపోతుంది. ఆ గాలి బల్లను తాకి, అడ్డంగా మళ్లి, హుడ్ లోపలికి దూరి, అక్కడి పొగను తిరిగి మీ మొహం మీదికే తెస్తుంది. హుడ్‌కు దగ్గరి ఫ్యాన్లకు వేరే స్విచ్చులు పెట్టించి, హుడ్ వాడేటప్పుడు వాటిని మాత్రం ఆపడం ఆచరించదగిన మార్గం. సాయంత్రం సముద్రపు గాలి వీచే వైపు కిటికీ హుడ్‌కు ఎదురుగా ఉంటే దాని సంగతీ అంతే.

అలాగని కిటికీలు, తలుపులు అన్నీ బిగించేస్తే ఇంకో చిక్కు వస్తుంది. ఇందాక గంటకు పన్నెండు వందల ఘనపు మీటర్లని లెక్కగట్టాం. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు ఉన్న గదిలో మొత్తం గాలి 280 ఘనపు మీటర్లు. అంటే ఆ ఒక్క హుడ్ గదిలోని గాలినంతా గంటకు నాలుగు సార్లకు పైగా బయటికి పంపేస్తున్నది. ఆ గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. గోడకు బిగించిన స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. కొత్తగా ఏసీ పెట్టించుకొని, చల్లదనం పోకుండా సందులన్నీ మూసేసిన పరీక్షాశాలలో హుడ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. తలుపు తెరవబోతే లోపలికి లాగి పట్టినట్టు బిగుసుకుపోయి ఉండటం దానికి గుర్తు. హుడ్‌కు దూరంగా ఉన్న గోడలో, నేలకు కాస్త ఎత్తున, జాలీ బిగించిన వెడల్పాటి రంధ్రం ఉంచితే గాలి మెల్లగా వస్తుంది. ఏసీ బిల్లు పెరుగుతుందని యాజమాన్యం గొణుగుతుంది. అద్దం అవసరం లేనప్పుడు పూర్తిగా దించి ఉంచితే, ఎక్కువ గాలిని బయటికి పంపకుండా తగ్గించుకునే రకం హుడ్లలో ఆ ఖర్చు కొంత తగ్గుతుంది కూడా.

లోపలి సర్దుబాటు గురించి ఎక్కువ చెప్పను. ఎన్నో హుడ్లు అసలు పనికంటే స్టోరు గదులుగానే ఎక్కువ ఉపయోగపడుతున్నాయి. గాఢ ఆమ్లాల సీసాలు, లేబుల్ చెరిగిపోయిన వించెస్టర్లు అనే పెద్ద సీసాలు, పాడైన హాట్‌ప్లేట్లు వెనుక పలకకు ఆనించి వరుసగా పేర్చి ఉంటాయి. కింది సందు మూసుకుపోతుంది, బరువైన ఆవిర్లు బల్ల మీదే నిలుస్తాయి. పెద్ద పరికరం పెట్టక తప్పకపోతే దాని కాళ్ల కింద అయిదు సెంటీమీటర్ల దిమ్మెలు పెట్టి ఎత్తితే కింద నుంచి గాలి పోతుంది.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. అది గాజును తినేస్తుంది. ఇసుక పరీక్షించే చోట హుడ్ అద్దం కొన్నాళ్లకు మంచు పట్టినట్టు మసకబారుతుంది. లోపల ఏముందో కనిపించక, పనిచేసేవాడు అద్దాన్ని పైకెత్తి, తల వంచి, మూస వైపు తొంగి చూస్తాడు. అంటే ఆమ్లం ముందు అద్దాన్ని తిని, దాని ద్వారా మనిషిని తనకు దగ్గర చేసుకుంటున్నది. అక్కడ గాజుకు బదులు పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్ పలక ఉండాలి. పలచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే వెంటనే మంట పుట్టకపోవచ్చు, లోపల ఎముక దాకా నష్టం మొదలయ్యాక నొప్పి తెలుస్తుంది. ఆ గాయానికి వెంటనే పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్లు హుడ్ పక్కనే, తాళం లేని చోట ఉండాలి. పెర్క్లోరిక్ ఆమ్లాన్ని వేడిచేసే పని మామూలు హుడ్‌లో అసలు చేయకూడదు. దాని ఆవిర్లు గొట్టంలో చల్లబడి పేరుకొని, దెబ్బ తగిలితే పేలే లవణాలుగా మారతాయి. ఏళ్ల తరువాత ఆ గొట్టాన్ని విప్పడానికి స్పానరు పట్టుకొని వచ్చిన మెకానిక్ దానికి బలవుతాడు. దానికి లోపలంతా నీటితో కడిగే ఏర్పాటున్న ప్రత్యేకమైన హుడ్ కావాలి.

ఇక డాబా పైకి వెళదాం, ఎందుకంటే ఎవరూ వెళ్లి చూడని చోటే ఎక్కువ లోపాలు ఉంటాయి. బ్లోయర్ డాబా మీద, గొట్టం చివర ఉండాలి. అప్పుడు భవనం లోపలి గొట్టమంతా పీల్పు ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి ఎక్కడైనా కీలు వదులైతే గదిలోని గాలి గొట్టంలోకి పోతుందే తప్ప గొట్టంలోని విషం గదిలోకి రాదు. బ్లోయర్‌ను హుడ్ నెత్తినే బిగిస్తే ఇది తలకిందులవుతుంది. మన ఉప్పుగాలికి మామూలు ఇనుప రేకు గొట్టాలు బయట నుంచి, ఆమ్లపు ఆవిరికి లోపల నుంచి తుప్పు పట్టి రంధ్రాలు పడతాయి. పాలీప్రొపిలీన్ లేదా ఫైబర్‌గ్లాస్ గొట్టం నిలుస్తుంది. పొగగొట్టం కొస డాబా మట్టానికి కనీసం మూడు మీటర్లు పైన ఉండి, గాలి నిట్టనిలువుగా వేగంతో పైకి చిమ్మాలి. మన దగ్గర కార్తీకంలో వాయుగుండాల వానలు చూసి భయపడి గొట్టం మీద రేకు టోపీ పెడతారు. ఆ టోపీ పొగను కిందికి వంచి డాబా మీదికే దిగేలా చేస్తుంది. టోపీ తీసేసి, గొట్టం అడుగున వాననీరు కారిపోయే చిన్న పైపు పెట్టడం మేలు. డాబా మీద ఎవరుంటారని మీరు అడగవచ్చు. మంచినీళ్ల ట్యాంకు కడిగే మనిషి ఉంటాడు, ఏసీ బాగుచేసే కుర్రాడు ఉంటాడు. వాళ్లు రసాయనశాస్త్రం చదవలేదు, కింద ఏం మరుగుతున్నదో వాళ్లకు చెప్పేవారు లేరు. డాబా ఎక్కే తలుపు దగ్గర, పైన మనిషి ఉన్నంతసేపు కింద హుడ్ పని ఆపాలన్న బోర్డు తెలుగులో పెట్టించండి.

హుడ్ వాడుకలో ఉన్నంత మాత్రాన అన్నిటి నుంచీ కాపాడుతుందన్న భ్రమ కూడా వద్దు. అమెరికాలో డార్ట్‌మత్ కళాశాల ఆచార్యురాలు కరెన్ వెటర్‌హాన్ 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ అనే అతి విషపూరితమైన పాదరసపు ద్రవంతో హుడ్‌లోనే, చేతి తొడుగులతోనే పని చేశారు. కొన్ని చుక్కలు తొడుగు మీద పడ్డాయి. ఆ లేటెక్సు తొడుగు గుండా ద్రవం నిమిషాల్లోపే చర్మంలోకి ఇంకింది. నెలల తరువాత లక్షణాలు బయటపడి, 1997 జూన్‌లో ఆమె మరణించారు. హుడ్ తన పని తాను చేసింది, అది గాలిలోని దాన్ని పట్టుకుంటుంది, చేతి మీద పడిన దాన్ని కాదు. అలాగే పేరును బట్టి, పైకి కనిపించే తీరును బట్టి మోసపోకండి. రొయ్యల వ్యాధులు నిర్ధారించే ఒక పరీక్షాశాలలో, రొయ్య నమూనాలను చెడకుండా ఉంచడానికి ఫార్మాలిన్, ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం కలిపే డేవిడ్‌సన్ ద్రావణాన్ని లామినార్ ఫ్లో పెట్టెలో పోస్తుండగా చూశాను. ఆ పెట్టె వడగట్టిన శుభ్రమైన గాలిని లోపలి నుంచి పనిచేసేవాడి మొహం మీదికి తోస్తుంది, ఎందుకంటే దాని పని నమూనాను కాపాడటం, మనిషిని కాదు. గొట్టం లేకుండా బొగ్గు వడపోతతో గాలిని మళ్లీ గదిలోకే వదిలే హుడ్లు ఇప్పుడు అమ్మకానికి వస్తున్నాయి. బొగ్గు నిండిపోయిన రోజు అది చూసేవాడికి తెలియదు కాబట్టి, రకరకాల రసాయనాలు వాడే కళాశాలకు వాటిని నేను సిఫారసు చేయను.

పరీక్ష విషయానికి వస్తే, అమెరికాలో ఆష్రే 110 అనే పద్ధతి ఉన్నది. హుడ్ లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడు వాయువును నిమిషానికి నాలుగు లీటర్ల చొప్పున వదిలి, ముందు ఒక బొమ్మ మనిషిని నిలబెట్టి, ఆ బొమ్మ ముక్కు దగ్గర ఆ వాయువు ఎంత చేరుతున్నదో కొలుస్తారు. బిగించిన చోట చేసే పరీక్షలో కోటి భాగాల గాలికి ఒక భాగం మించకూడదని సాధారణంగా హద్దు పెట్టుకుంటారు. దాని అర్థం గమనించండి, వాళ్లు ఫ్యాన్‌ను పరీక్షించడం లేదు, మనిషి ముక్కును పరీక్షిస్తున్నారు. మనకు అంత ఏర్పాటు లేకపోయినా, వేగం కొలిచే చిన్న అనిమోమీటరు కొనుక్కొని, ముఖద్వారాన్ని గళ్లుగా ఊహించుకొని ప్రతి గడిలోనూ వేగం రాసుకుంటే, సగటు ఎంతో, ఏ మూల బలహీనంగా ఉన్నదో తెలిసిపోతుంది. దీన్ని ఏడాదికి ఒకసారైనా చేసి, తేదీ వేసి హుడ్ మీద అతికించాలి. రోజువారీ పనికి సన్నని టిష్యూ కాగితం పీలిక ఒకటి అద్దం అంచుకు అతికించి వదిలేయండి, అది లోపలి వైపు వంగి ఉంటే గాలి పోతున్నదని అర్థం. కొత్త హుడ్లలో గాలి తగ్గితే మోగే అలారం ఉంటుంది. అది పదే పదే మోగుతున్నదని ప్లాస్టర్ అంటించి నోరు మూయించిన చోట్లు కూడా ఉన్నాయి.

చట్టం సంగతి ఒక్క మాట. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 14వ సెక్షను ధూళి, పొగల గురించి చెబుతూ, పొగను లాగే సాధనం అవసరమైతే దాన్ని పొగ పుట్టే చోటికి వీలైనంత దగ్గరగా అమర్చాలని, ఆ చోటును వీలైనంత మేరకు మూసి ఉంచాలని నిర్దేశించింది. ఫ్యూమ్ హుడ్ సిద్ధాంతమంతా ఆ ఒక్క వాక్యంలో ఉన్నది. గోడకు పైన ఎక్కడో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, పొగ బల్ల మీద నుంచి లేచి ముప్పై మంది మొహాల మీదుగా ప్రయాణించి అక్కడికి చేరుతుందని ఎదురుచూడటం ఈ సూత్రానికి పూర్తిగా విరుద్ధం. కళాశాల ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఈ సెక్షను మనకు వర్తించదని ఒక ప్రిన్సిపాల్ గారు నాతో వాదించారు. వర్తించకపోవచ్చు, గాలికి మాత్రం ఆ తేడా తెలియదు.

ఇప్పుడు చీటీ మీద వచ్చిన ప్రశ్నలు రెండు. మొదటిది, కరెంటు పోతే ఏం చేయాలని. మంట ఆపి, హాట్‌ప్లేటు స్విచ్ కట్టేసి, అద్దం పూర్తిగా దించి, గది బయటికి వచ్చేయాలి. జనరేటరు ఉంటే అందులో మొదటి లైను హుడ్ బ్లోయర్‌కు ఇవ్వమని మీ ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి, చాలా చోట్ల అది ప్రిన్సిపాల్ గారి గది ఏసీకి పోతున్నది.

రెండవ ప్రశ్న ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక ల్యాబ్ అసిస్టెంటు గారిది. మా కళాశాలలో హుడ్ లేదు, కొనే స్తోమత లేదు, ఏం చేయమంటారు అని. హుడ్ లేని గదిలో కిప్స్ ఉపకరణాన్ని నింపవద్దు, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయండి. మిగిలిన పరీక్షలకు లవణం పరిమాణాన్ని గింజంతకు, ఆమ్లాన్ని నాలుగైదు చుక్కలకు తగ్గించండి, రంగు అంతే స్పష్టంగా కనిపిస్తుంది, వాయువు మాత్రం ఎన్నో వంతులు తగ్గుతుంది. ఆ తరువాత, మూడు పక్కలా, పైనా మూసి, ముందు అద్దం బిగించి, కింద 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు జాగా మాత్రం వదిలిన చిన్న పెట్టెను ఊళ్లో ఫ్యాబ్రికేషన్ పని చేసేవారితో చేయించవచ్చు. ఆ జాగాకు గంటకు 325 ఘనపు మీటర్ల గాలి చాలు. ఆరంగుళాల పీవీసీ పైపు దానికి సరిపోతుంది. కానీ హార్డ్‌వేర్ షాపులో దొరికే రెక్కల ఎగ్జాస్ట్ ఫ్యాను పనికిరాదు, పొడుగు పైపు గుండా లాగే బలం దానికి లేదు, పైగా దాని మోటారు ఆవిర్ల మధ్యలోనే ఉండి నిప్పురవ్వ పుట్టించగలదు. మోటారు బయట ఉండే ప్లాస్టిక్ సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ కావాలి. ఈ పెట్టె సాల్ట్ అనాలిసిస్‌కు, కొద్దిపాటి అమ్మోనియా పనికి సరిపోతుంది గాని హైడ్రోఫ్లోరిక్, పెర్క్లోరిక్ ఆమ్లాలకు పనికిరాదు. వెనుక పలకను గోడకు ఎంత ఎడంగా పెట్టాలి, సందులు ఎంత వెడల్పు ఉండాలి అన్న కొలతలు కావలసినవారు సభ అయ్యాక ఇక్కడే ఆగండి, బోర్డు మీద గీసి చూపిస్తాను.